కాలరు లోపలి ఎర్రదారం

పోయిన వారం సిక్‌లామ్‌ని మనం కౌలూన్ రేవు గోదాములో, పదమూడో శవం దగ్గర, మూతికి తడిగుడ్డ కట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. అక్కడికే వెళదాం. కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

ఆరు రోజుల కిందట, చందమామ పండుగ సాయంత్రం, ‘లేడీ అరబెల్లా’ నడిసముద్రంలో అంటుకుంది. అల్లాటప్పా ఓడ కాదది. ముప్పైనాలుగేళ్ళ కింద అది మొదటిసారి నీళ్ళలోకి దిగిన రోజున చూడ్డానికి ఊళ్ళకి ఊళ్ళు కదిలాయట. రాజులు ఎక్కారు, సినిమా తారలు ఎక్కారు, యుద్ధంలో సిపాయిలు ఎక్కారు. దాని పొట్ట అడుగున లాండ్రీలో చెమటోడ్చిన హాంకాంగ్ వాళ్ళు మాత్రం దాన్ని ముద్దుగా పెద్దవ్వ అనేవారు. పెద్దవ్వ రెండు రోజులు కాలి, మూడోనాడు పక్కకి ఒరిగి మునిగిపోయింది. మునిగేలోగా పై అంతస్తుల్లో దొరికిన పంతొమ్మిది శవాల్ని టగ్గులో తెచ్చి గోదాములో వరసగా పడుకోబెట్టారు.

ఆ శవాలకి మొహాలు లేవు. వెల్లకిలా పడ్డవాళ్ళ వీపు కింద చిక్కి మిగిలిన గుడ్డ, మెడ కింద కాలరు, అంతే. ఆ కాలర్ల లోపల చాకలి గుర్తులున్నాయి. ఎవరి గుర్తు ఏదో రాసిన పుస్తకం ఓడతోనే పోయింది. ఇక ఆ గుర్తులు చదవగలవాడు భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ముప్పై ఒక్క ఏళ్ళు పెద్దవ్వ లాండ్రీకి పెద్దగా ఉన్న క్వాన్ సిక్‌లామ్. ఆ గుర్తులన్నీ అతని చేత్తో పెట్టినవే.

ఇంకొక్క సంగతి. మంట లాండ్రీలోనే పుట్టిందని విచారణవాళ్ళు తేల్చారు. ఆ సాయంత్రం ఇస్త్రీపెట్టె దగ్గర ఎవరున్నారని నిన్న అడిగితే, మా తమ్ముడు ఆ కిట్ ఉన్నాడు, చివరిదాకా అక్కడే ఉన్నాడు అని సిక్‌లామ్ సంతకం పెట్టి చెప్పాడు. ఆ కిట్ అన్నదంతా పేరే, వాడి ఆచూకీ లేదు. లేనివాడు వచ్చి కాదంటాడా? ఆ మాట అబద్ధమని పోయిన వారమే చెప్పాను. ఎంత పెద్ద అబద్ధమో మాత్రం చెప్పలేదు.

గోదాములో సిక్‌లామ్ పక్కన ఇద్దరున్నారు. ఒకడు విచారణాధికారి, తెల్లదొర. రెండోవాడు ఫోక్, రేవు ఆఫీసులో దుబాసీ. దొర మాట కాంటనీసులోకి, వీళ్ళ మాట ఇంగ్లీషులోకి మార్చడం అతని ఉద్యోగం. తిండి సయించక మూడు రోజులుగా టీ నీళ్ళ మీద బతుకుతున్నాడు, అందుకే మాట కాస్త పుల్లవిరుపుగా ఉంది. దొర చేతికి తొడుగు వేసుకుని పద్నాలుగో శవం మెడ కింది కాలరు కొద్దిగా ఎత్తాడు. మాడిన అంచు మధ్యలో నల్లసిరా గుర్తు కనిపించింది.

“కొంగ,” అన్నాడు సిక్‌లామ్.

ఆఫీసర్ల గుర్తులన్నీ అలాగే ఉండేవి. దొరల పేర్లు లాండ్రీలో ఎవరికీ నోరు తిరగవు. కెప్టెన్ ముక్కు చూసి ముల్లంగి అని రాసుకున్నారు. పొట్ట డాక్టరుకి పీపా. పొడుగు మెడ సెకండ్ ఇంజనీరుకి కొంగ. తమ కాలరు లోపల ఏముందో ఆ దొరలకి ముప్పై ఏళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. ఇంకో రోజయితే చెప్పుకుని నవ్వుకోవలసిన మాటే.

“కొంగంటే ఎవరు బాబాయ్?” అన్నాడు ఫోక్.

“సెకండ్ ఇంజనీరు రెనిసన్ దొర.”

ఫోక్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు, అధికారి రాసుకున్నాడు. ఈ శవం దొరికిన చోటు కూడా కాగితంలో ఉంది. పై డెక్కు మీంచి అడుగుకి దిగే పనివాళ్ళ మెట్ల మొదట్లో. అందరూ పైకి పరిగెత్తుతుంటే ఈ మనిషి కిందికి దిగబోయాడు. మంట ఎదురుగా వచ్చి వెనక్కి పడేసింది. ఇంజన్ల కోసం ప్రాణాలకు తెగించి దిగాడన్నమాట, గొప్పవాడు, అన్నాడు అధికారి. ఆయన భార్య ఇక్కడే ఊళ్ళో ఉంది, కబురు పంపండి అన్నాడు. అని కాలరు వదిలేయబోతూ, ఎందుకో దాన్ని వెనక్కి తిప్పాడు.

లోపల మడత దగ్గర, మెంతిగింజంత ముడి. ఎర్రదారం. పొగచూరి సగం నల్లబడింది గానీ ఎర్రదనం ఇంకా ఉంది.

 సిక్‌లామ్ చెయ్యి జేబులోకి వెళ్ళి అక్కడున్న తాళంచెవిని పట్టుకుంది. ఓడలోంచి ఒంటి మీది బట్టలు కాక అతనితో వచ్చిన వస్తువు ఆ ఇత్తడి తాళంచెవి ఒక్కటే. ఆరు రోజులుగా నిద్రలో కూడా దాన్ని వదలడంలేదు.

ఎర్రదారం కథ లాండ్రీ వాళ్ళకి తప్ప పైవాళ్ళకి తెలియదు. ఉతికి, గంజి పెట్టి, చలవ మడతల్లో ఉన్న దొరల చొక్కాలు వందల్లో ఉంటాయి. రేవు వచ్చిన రోజున కుర్రకారు ఒక పూటకి ఒకటి తొడుక్కుని ఊళ్ళోకి వెళ్ళి వచ్చేవారు. తప్పే. కానీ తప్పుకీ ఒక పద్ధతి ఉండాలని సిక్‌లామే కట్టడి పెట్టాడు. తొడుక్కునేముందు కాలరు లోపల ఎర్రదారం ముడి వెయ్యాలి. తిరిగొచ్చాక ఆ దారం చూసి మళ్ళీ ఉతికి, ఇస్త్రీ చేసి, దారం తెంపి, అప్పుడు పైకి పంపాలి. దొరగారు ఒకరి చెమట వాసన తగిలిన చొక్కా తొడుక్కోకూడదు. అది లాండ్రీ పరువు. ఎవరి ముడి వాళ్ళది. ఆ కిట్‌ది ఎడమచేతి వాటం. అందరి ముడీ కుడివైపు తిరిగితే వాడిది ఎడమవైపు తిరిగేది. ఈ ముడీ ఎడమవైపే తిరిగి ఉంది.

సిక్‌లామ్ కాలరు మీద కొంగని చదివేసి, ఇది ఆ దొరే అయితే బాగుండునన్న ఆశలో, కాలరు తిప్పకుండా పేరు చెప్పేశాడు. కొత్తగా చేరినవాడు ఆ పని చేస్తే సిక్‌లామ్ చెవి మెలిపెట్టేవాడు. ముందు దారం చూడాలి, తరువాత గుర్తు. ఆ నేర్పిన మనిషే మర్చిపోయాడు.

“అంతేనా బాబాయ్? ఇంకేమైనా ఉందా?” అని అడిగాడు ఫోక్.

ఇప్పుడు చెప్పచ్చు. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈ మనిషి ఆ కిట్ అయితే, ఆ కిట్ ఆ సాయంత్రం మంచి చొక్కా తొడుక్కుని పై డెక్కు మీద ఉన్నట్టు. పై డెక్కు మీద ఉంటే ఇస్త్రీపెట్టె దగ్గర లేనట్టు. మరెవరున్నారు?

“ఇంకేం లేదు,” అన్నాడు సిక్‌లామ్.

ఆ సాయంత్రం సంగతి ఇది. పండుగ పూట పై డెక్కు మీద ఓడ ఫోటోగ్రాఫరు అందరికీ ఫోటోలు తీస్తున్నాడని, వెలుగు పోకముందే ఒక్క అరగంట వదలమని ఆ కిట్ వచ్చి అడిగాడు. నలభై ఆరేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా సిగ్గుపడుతూ, “అన్నా, కాలరు చొక్కాలో ఒక్కటి,” అన్నాడు. సిక్‌లామ్ విసుక్కున్నట్టు నటించి, మడతల్లోంచి తెల్లగా మెరిసే చొక్కా ఒకటి తానే తీసి వాడి మీదికి విసిరాడు. నీ పెట్టె నేను చూస్తాలే, పో అన్నాడు. మిగతావాళ్ళు అప్పటికే పండుగ భోజనానికి వెళ్ళిపోయారు. కాసేపటికి సిక్‌లామ్ కూడా పైకి వెళ్ళవలసి వచ్చింది. ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో అతను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, తన మనసుని కూడా ఆ వైపు పోనివ్వలేదు. ఓడ ముందువైపు మెట్ల మీద అయిదో అంతస్తు చేరేసరికి గంటలు మోగాయి, వెనకనించి పొగ తన్నుకొచ్చింది, జనం అతన్ని ఎత్తుకుపోయినట్టు పైకి తోసేసి పడవలోకి దింపారు.

తమ్ముడు ఇంజన్ల కోసం కిందికి దిగలేదు. అన్న కింద ఉన్నాడనుకుని దిగాడు. అన్న ముందు మెట్ల మీద పైకి వస్తున్నాడు, తమ్ముడు వెనక మెట్ల మీద కిందికి పోతున్నాడు. పద్నాలుగో నంబరు మీద గుడ్డ కప్పుతుంటే ఈ సంగతి సిక్‌లామ్‌కి తట్టింది. మిగిలిన అయిదుగురి గుర్తులూ ఎలా చదివాడో అతనికే తెలియదు.

బయట ఎండ చుర్రుమంటోంది. రేవు గోడ పక్కన రెండు బల్లలు వేశారు. ఒక బల్ల మీద ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. రెండో బల్ల మీద ఒక్కతే కూర్చుంది. ఆ కిట్ భార్య యుక్‌సిమ్. ఒళ్ళో మూట ఉంది. శవానికి తొడగడానికి బొత్తాలు లేకుండా, తాళ్ళతో కట్టేలా, మూడు రోజులు కూర్చుని తానే కుట్టిన బట్టలు.

సిక్‌లామ్ పక్క సందులోంచి జారుకుందామనుకున్నాడు. ఆమె చూసేసింది.

“బావగారూ, అందర్నీ చూశారా?”

“చూశానమ్మా.”

“లేడా?”

“లేడు.”

ఆమె మూట సర్దుకుంది.  తరువాత నెమ్మదిగా, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా చెప్పుకుపోయింది. షాటిన్ అవతల కొండ మీద, వంశంలో పోయినవాళ్ళ ఎముకలు కుండల్లో దాచేచోట, మామగారి కుండ ఉంది, ఆయన తండ్రిది పక్కన ఉంది. ఆ కిట్ కుండ ఖాళీగా పెట్టాలి కాబోలు. పెడతాను, ఏం చేస్తాను. కానీ పిల్లలు దానికి మొక్కేటప్పుడు లోపల ఎవరున్నారని అడిగితే ఏం చెప్పను అంది. అటు పక్క బల్లవైపు చూడకుండానే గొంతు తగ్గించింది.

“వాళ్ళు నా పక్కన కూర్చోవడం లేదు. చూశారుగా. మా ఆయన ఇస్త్రీపెట్టె ఆర్పలేదట, అందుకే వాళ్ళ మగవాళ్ళు పోయారట. నిన్న ఒకావిడ నా కాళ్ళ దగ్గర ఉమ్మేసి వెళ్ళింది. నేనేం అనలేదు. పని దగ్గరే పోయాడని మీరు చెప్పారు కదా, అదే పట్టుకుని కూర్చున్నాను.”

 సిక్‌లామ్ చెప్పిన అబద్ధానికి ఆమె దణ్ణం పెట్టుకుంటోంది. నోరు తెరిచాడు, ఆమెకి మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. అంతకంటే సిగ్గుమాలిన మాట జీవితంలో అతను అని ఉండడు.

ఆమె వద్దంది. ఇంకో సంగతి మీకు చెప్పాలి అంది. తోడికోడలు ఒకసారి నవ్విందట, మీ ఆయనకి బనీను తప్ప చొక్కా లేదా, ఏ ఫోటో చూసినా అదేనని. ఉక్రోషంతో యుక్‌సిమ్ భర్తకి ఉత్తరం రాసింది, ఈసారి కాలరు చొక్కాలో ఫోటో తీయించుకుని పంపు, లేకపోతే మొహం చూపించకు అని. “అదే నా ఆఖరి ఉత్తరం, బావగారూ. మొహం చూపించకు అని రాశాను.”

అప్పుడు ఆఫీసు గది తలుపు తెరుచుకుంది. ముందు ఫోక్, వెనక ఒక తెల్లావిడ. సన్నగా, పొడుగ్గా ఉంది. నల్లబట్టలు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి, భుజాల దగ్గర వదులు. చేతిలో కాగితం కవరు ఉంది. ఇంజనీరు భార్య రెనిసన్ దొరసాని అని ఫోక్ చెప్పాడు. రేపు పది గంటలకి ఖననం. ఆయన చొక్కా గుర్తు చదివిన మనిషికి థాంక్స్ చెప్పాలని వచ్చిందట. మీ లాండ్రీ గురించి ఆయన ఉత్తరాల్లో రాసేవాడట, లామ్ చేతిలో పడ్డ చొక్కా కొత్తదానికంటే బాగుంటుందని. ఆయన ఇంజన్ల కోసం కిందికి దిగుతూ పోయాడని విని ఆమె నిన్నటికంటే ఈ పూట కాస్త కుదుటపడిందట.

ఫోక్ ఇదంతా అప్పజెప్పినట్టు చెప్పి, కొంచెం తటపటాయించాడు. “ఇంకొకటి అడుగుతోంది బాబాయ్. గుర్తుగా దాచుకుంటానంటే అధికారి ఆ కాలరు ముక్క కత్తిరించి ఇచ్చాడు. అందులో ఏదో దారం ఉంది. ఆయనకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదట. ఎవరు కుట్టారు, ఎందుకు కుట్టారు, నీకేమైనా తెలుసా అంటోంది.”

దొరసాని కవరు విప్పి, అరచేతిలో కాలరు ముక్క పెట్టి చాపింది.

సిక్‌లామ్ దాన్ని చూడలేదు. యుక్‌సిమ్‌ని చూశాడు. ఆమె మెడ సాచి, ముందు మామూలుగా చూసింది. తరువాత లేచి నిలబడింది. పదిహేడేళ్ళుగా ఆ కిట్ ప్రతి రేవు నుంచీ ఒక పొట్లం పంపేవాడు. మైసూరు సబ్బో, దువ్వెనో, పిల్లలకి గాజుగోళీలో. ప్రతి పొట్లానికీ ఎర్రదారం, ఎడమవైపు తిరిగిన ముడి. ఆమె ఏనాడూ ఆ ముడి కత్తిరించలేదు. సూదిమొనతో ఓపిగ్గా విప్పి, దారం దాచుకునేది.

“ఇది మా ఆయన ముడి,” అంది.

ఫోక్‌కి అర్థం కాలేదు. దొరసాని ఫోక్ మొహంలోకి చూసింది. పక్క బల్ల మీద గుసగుసలు ఆగిపోయాయి.

“బావగారూ. ఈ ముక్క ఎక్కడిది?”

ఇంకా తప్పించుకోవచ్చు. లాండ్రీలో ఎవరైనా ఏ చొక్కాకైనా దారం కట్టచ్చు అనచ్చు. ఆమె నమ్మేది కూడా, ఎందుకంటే ఆ ఇంట్లో బావగారి మాటంటే అంత. సిక్‌లామ్ జేబులో తాళంచెవిని అరచేతికి గుచ్చుకునేలా పట్టుకున్నాడు.

“పద్నాలుగో నంబరు,” అన్నాడు. “వాడేనమ్మా. వాడే. ఫోటో కోసం నేనే ఇచ్చాను ఆ చొక్కా. నాకోసం కిందికి దిగుతూ పోయాడు.”

యుక్‌సిమ్ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. దొరసాని చేతిలోంచి ఆ ముక్క లాక్కోనూ లేదు. ఒక్క వేలు చాపి ఆ ముడిని తాకింది, అంతే. తాకి చెయ్యి తీసుకుంది.

“మరి పెట్టె దగ్గర ఎవరున్నారు?”

“నేను.”

“ఆర్పారా?”

“ఆర్పాననే అనుకున్నాను. ఆరు రోజులుగా ఆలోచిస్తున్నాను. చెయ్యి ఆర్పినట్టు గుర్తుకు రావడం లేదు.”

 “నిన్నటినించి నా పక్కన ఎవరూ కూర్చోలేదు, బావగారూ,” అంది. “మీరు కూడా కూర్చోలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.” ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది.

అవతలి బల్ల మీంచి ఒక ముసలావిడ లేచి వచ్చి, యుక్‌సిమ్ చేతుల్లోని మూట జారిపోకుండా పట్టుకుంది. నిన్న ఉమ్మేసి పోయిన మనిషి ఆవిడే. యుక్‌సిమ్ కూర్చుంది. ఆవిడా పక్కనే కూర్చుంది. అప్పుడొచ్చింది యుక్‌సిమ్‌కి ఏడుపు.

 ఫోక్ ఈ మాటలన్నీ ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, ముక్కలు ముక్కలుగా, దొరసాని వైపు చూడకుండా చెప్పాడు. ఆమె విన్నది. కవరు మూసింది, మళ్ళీ తెరిచింది. ఆ కాలరు ముక్క తీసి యుక్‌సిమ్ మూట మీద పెట్టింది. ఆ తరువాత సిక్‌లామ్ వైపు తిరిగి, చిన్నగా ఒక్క మాట అడిగింది.

ఫోక్ అదీ మార్చి చెప్పాడు. “అయితే మా ఆయన ఎక్కడ అంటోంది.”

ఆ సాయంత్రం సిక్‌లామ్ పైకి ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో ఆ ప్రశ్నలోనే ఉంది. ఆరుంబావుకి రెనిసన్ దొర బనీను మీదే లాండ్రీలోకి దిగి వచ్చాడు. పండుగ విందుకి వెళ్ళాలి, నా చొక్కా ఏదోయ్ లామ్, అని నవ్వుతూ అడిగాడు. ఆ కిట్‌కి తానేం విసిరాడో సిక్‌లామ్‌కి అప్పుడు తెలిసింది. రెండు నిమిషాల్లో తెస్తాను దొరగారూ అని, తన సొంత స్టూలు మీద ఆయన్ని కూర్చోబెట్టి, తమ్ముడి ఒంటి మీది చొక్కా కోసం మెట్లెక్కాడు. లాండ్రీ పెద్ద బయటికి వెళితే తలుపుకి తాళం పడుతుంది. జనం బట్టలుంటాయి కదా. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు, మనిషి మరిచినా చెయ్యి మరవదు. ఆ తాళంచెవి లోపల మేకుకి వేలాడుతూ ఉంటుంది. తాళం వేసినప్పుడే అది అతని జేబులోకి వస్తుంది.

“చెప్పు బాబాయ్. ఆమెకేం చెప్పను?” అన్నాడు ఫోక్.

సిక్‌లామ్ జేబులోంచి తాళంచెవి తీసి, దొరసాని ముందు చెయ్యి చాపాడు.